పుంగనూరు పట్టు, ఆగ్నేయం బావి

అప్పడాలు ఒత్తించుకునే మనిషికి పట్టుగూళ్ళతో ఏం పని అని, నేను సంచీ సర్దుకుంటున్నంతసేపూ మా ఆయన అడుగుతూనే ఉన్నారు. పనుంది అన్నాను. ఏం పనో నాకూ అప్పటికి సరిగ్గా తెలియదు గానీ, తెలియదని ఒప్పుకుంటే ప్రయాణం ఆగిపోతుందని గట్టిగానే చెప్పాను.

తెనాలిలో మా పెరటి షెడ్డులో పదిమంది ఆడవాళ్ళు అప్పడాలు ఒత్తుతారు. అంతమందితోనే రెండు వీధుల అవతల ఇంకొకావిడ మాకంటే ఎక్కువ సరుకు దింపుతుంది. ఆ మధ్య హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి మా ఊళ్ళో చిన్న పరిశ్రమల వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. అదే సరుకు, అదే మిషను, అంతే మంది మనుషులు ఉన్నా ఒకచోట ఎక్కువ తయారవుతుంది, ఇంకోచోట తక్కువ. ఆ తేడా ఎక్కడ కారిపోతోందో కనిపెట్టుకుంటే కొత్త మిషన్ల కోసం పరుగెత్తక్కర్లేదు అన్నాడు. మిగతా ఉపన్యాసం నాకు బోధపడలేదు గానీ ఈ ఒక్క ముక్క మాత్రం పట్టుకుంది. సొంత షెడ్డు రోజూ చూసి చూసి కళ్ళు అలవాటు పడిపోయాయి. ఎవరిదో బొత్తిగా వేరే పని చూసొస్తే, మన దగ్గర కారేది కూడా కనిపిస్తుందేమో అనిపించింది. మా వీధి చీరల కొట్టాయన మదనపల్లె నుంచి పట్టు చీరలు తెప్పిస్తాడు. ఆయన చెప్పిన మగ్గాల ఆసామి పేరు గుర్తు పెట్టుకుని బస్సెక్కాను. ఇది తొంభైల చివరి సంగతి. ఊరు చేరినట్టు ఇంటికి చెప్పాలంటే ఎస్టీడీ బూతు వెతుక్కోవలసిన రోజులు.

మదనపల్లెలో తెగే పోగు

మా తెనాలిలో ఫ్యాను లేకుండా కునుకు పట్టని రోజుల్లో, మదనపల్లె బస్టాండులో జనం చెవులకు మఫ్లర్లు చుట్టుకుని కాఫీ తాగుతున్నారు. కాఫీ రెండు రూపాయలు, గ్లాసు మా వైపు కంటే పెద్దది. నేను "ఇంకాస్త పంచదార వేయండి" అంటే కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, అండీ అంటాండారే, యా ఊరమ్మా మీది అని అడిగాడు. ఆ నాలుగు రోజులూ ఎక్కడికి వెళ్ళినా నా ఊరి పేరు అడిగింది ఈ 'అండీ' వల్లే.

టమాటా మార్కెట్టు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. బి.కొత్తకోట నుంచి వచ్చిన రైతు ఒకాయన, అడిగే నాథుడు లేక గంపెడు పళ్ళు నా కళ్ళ ముందే ఆవులకు పోశాడు. అదే రోజుల్లో మా ఊళ్ళో కిలో ఆరు రూపాయలకు కొని, పులుసులోకి రెండే ముక్కలు వేస్తున్నాం. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇక్కడ పల్లెకొక పచ్చడి కార్ఖానా ఉంటే ఎంత బాగుండునని లెక్చరు మొదలుపెట్టబోయి, ఆయన మొహం చూసి నోరు కట్టేసుకున్నాను.

నేను వెతుక్కుంటూ వెళ్ళిన అంజనప్ప నీరుగట్టువారిపల్లెలో ఉంటాడు. ఆ పేటలో ఏ సందులోకి తిరిగినా మగ్గం చప్పుడే. అరవై దాటిన మనిషి, పలచగా ఉంటాడు. చీరల కొట్టాయన పేరు చెప్పగానే నన్ను సొంత చుట్టంలా లోపలికి పిలిచి మగ్గం పక్కన పీట వేశాడు. నేస్తున్నది వాళ్ళ పెద్ద కోడలు. చూస్తుండగానే పోగు తెగింది. ఆ అమ్మాయి కాలు ఆపి, తెగిన కొసలు వెతికి ముడి వేసి, మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగు జానలు సాగిందో లేదో మళ్ళీ తెగింది.

"ఇది పుంగనూరు రెడ్డెప్ప దారం," అన్నాడు అంజనప్ప. "ఒకప్పుడు కండ్లు మూసుకోని కొంటా ఉంటిమి. ఇప్పుడు మగ్గం కాడ నేసేదానికన్నా ముడేసేదే ఎక్కువైపోయ."

గోడ అలమరాలోంచి మరో దారం చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు. అది మెత్తగా, మెరుస్తూ జారిపోతోంది. కుప్పం గోవిందప్ప దగ్గరిదట. రెడ్డెప్ప, గోవిందప్ప బావా బామ్మర్దులు. గోవిందప్ప చెల్లెలినే రెడ్డెప్పకు ఇచ్చారు. ఇద్దరూ ఈ మదనపల్లె మార్కెట్లోనే పట్టుగూళ్ళు కొంటారు, మిషన్లు కూడా ఒకే చోట, ఒకేసారి తెచ్చుకున్నారు. అయినా ఒకరి దారం ఇలా, ఒకరిది అలా. ఇక రెడ్డెప్ప దగ్గర కొనడం మానేద్దామనుకుంటున్నానని, పాత స్నేహం కొద్దీ ఆ మాట చెప్పలేక నలిగిపోతున్నానని అంజనప్ప అన్నాడు. హైదరాబాదు ఆయన ఉపన్యాసం వీధిలోంచి నడిచొచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది. హార్స్లీ హిల్స్ చూసి వెళ్ళమని ఇంటిల్లిపాదీ చెప్పినా, నేను పుంగనూరు బస్సు ఎన్నింటికని అడిగాను.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. రాగి సంగటి ముద్ద, శెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. నేను సంగటిని మర్యాదగా నమలడం మొదలుపెడితే అది పళ్ళకు అంటుకుపోయి నోరు తెరవలేని స్థితి వచ్చింది. కోడలు నవ్వాపుకోలేక, నమలగూడదు అక్కా, ఊరిబిండిలో అద్దుకోని మింగేయల్ల అని చెప్పింది. రెండో ముద్ద సరిగ్గా మింగాను. మూడోది నేనే అడిగి వేయించుకున్నాను.

పుంగనూరు, ఈశాన్యం బోరు

పుంగనూరులో దిగగానే ఎక్కడ చూసినా ఆ ఊరి పేరుతో పిలిచే పొట్టి ఆవులే కనపడతాయనుకున్నాను. ఒక్కటీ కనపడలేదు. రిక్షా అతన్ని అడిగితే, వాటిని సూడాలంటే శ్రీమంతుల ఇండ్లకు పోవల్లమ్మా అన్నాడు.

రెడ్డెప్ప ఇల్లు ఊరి చివర. ముందు ఇల్లు, వెనక రేకుల షెడ్డు, చుట్టూ ప్రహరీ. నలభై ఏళ్ళ మనిషి. పెద్దపంజాణి దగ్గర మెట్ట చేలున్న కుటుంబం. వానలు నమ్ముకుని లాభం లేదని పట్టు దారం తీసే పనిలోకి దిగాడట. అంజనప్ప పంపాడని చెప్పాను గానీ ఆయన మనసులో మాట చెప్పలేదు. అప్పడాల షెడ్డు ఆవిడ పట్టు చూడటానికి రావడం రెడ్డెప్పకు వింతగా ఉంది. అయినా ఓపిగ్గా అంతా చూపించాడు.

గూడంటే పట్టుపురుగు తన చుట్టూ అల్లుకున్న తెల్లటి కాయ. దాన్ని మరిగే నీళ్ళలో ఉడికిస్తే జిగురు మెత్తబడి పోగు కొస వదులుతుంది. అలాంటి కొసలు కొన్ని కలిపి, వేడినీళ్ళ తొట్టి మీద తిరిగే చక్రానికి అందిస్తే దారం చుట్టుకుంటుంది. ఆ తొట్టీ చక్రం కలిపి ఇక్కడ బేసిను అంటారు. ఎన్ని కిలోల గూళ్ళు పోస్తే ఒక కిలో దారం దిగిందన్నదే ఈ పనిలో మంచిచెడ్డల కొలత. షెడ్డులో ఆవిరి, ఉడికిన పురుగు వాసన. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. బేసిన్ల ముందు కూర్చున్న ఆడవాళ్ళ వేళ్ళు నాని ముడతలు పడి ఉన్నాయి. వాళ్ళ చేతులు ఆడే వేగం చూస్తే తప్పు చేతుల్లో లేదని ఎవరికైనా తెలుస్తుంది. గూళ్ళు మాత్రం మొండికేస్తున్నాయి. కొస దొరకదు, దొరికినా నాలుగు చుట్లు తిరిగి తెగుతుంది. పక్కన గంపల్లో చిక్కుపడ్డ పట్టు చెత్త గుట్టగా పడి ఉంది. ఆ గంపల్ని చూస్తే, కారేది ఇక్కడే అని నాకు అర్థమైంది.

రెడ్డెప్ప చెయ్యని ప్రయత్నం లేదు. గూళ్ళు మంచివి కావేమోనని రేటు పెట్టి మేలు రకం తెచ్చాడు. కట్టెలు మార్చాడు. పనివాళ్ళు ముచ్చట్లు పెట్టుకుంటున్నారని రేడియో తీసేశాడు. వాస్తు సిద్ధాంతిని పిలిపించి గేటు ఒకసారి, పొయ్యిలు రెండుసార్లు జరిపాడు. దిష్టి గుమ్మడికాయ వేలాడదీశాడు. ఏదీ పనిచెయ్యలేదు. అమావాస్య పోయినాక కుప్పం నుంచి లారీ వస్తుందని, బేసిన్లన్నీ బామ్మర్దికి ఇచ్చేస్తున్నానని చాలా మామూలుగా చెప్పాడు. అమావాస్య ఇంకెంతో దూరం లేదు.

"ఈ ఆడోళ్ళ మొగాలు సూడలేక షెడ్డులోకి రావడం మానేసినా అమ్మా," అన్నాడు. "బెంగుళూరు పోయి మేస్త్రీల కింద ఇటుకలు మోయాల్సిందే ఈళ్ళు."

ఆడవాళ్ళు తలెత్తలేదు. అందరూ విన్నారు.

రాత్రికి అక్కడే ఉండమని పట్టుబట్టింది రెడ్డెప్ప భార్య సుగుణమ్మ. మనిషి నెమ్మది. మూడేళ్ళ కూతురు శిరీష ఎప్పుడూ చంకలో ఉంటుంది. వంటకు కూర్చోబోతూ బిందె తీసుకుని పక్కింటి బావికి బయల్దేరింది. పెరట్లో బోరు ధారగా పోస్తుంటే బయటికి పోవడమెందుకు అని అడిగాను. మా బోరు నీళ్ళల్లో పప్పు ఉడకదు అక్కా, పొద్దు పోయేదాకా పొయ్యిమీద పెట్టినా గింజ గింజగానే ఉంటాది అంది. పక్కింటి వాళ్ళు వంటకని రెండు బిందెలు ఇస్తారట. అంతకు మించి అడగలేరు.

కాలవ నీళ్ళు రాని రోజు బోరు నీళ్ళతో పిండి కలిపితే అప్పడం ఎంత బిరుసుగా వస్తుందో నాకు తెలుసు. పప్పు మెత్తబడని నీళ్ళలో పట్టుగూడు జిగురు మాత్రం మెత్తబడుతుందా? ఆ మాట అనబోతూ, ఈ బోరుకు ముందు ఏ నీళ్ళు వాడేవారని అడిగాను. సుగుణమ్మ పెరటి మూలకు చూసింది. అక్కడ నేల మీద నల్లరాతి బండలు పరిచి ఉన్నాయి. వాటి కింద బావి ఉందట, మామగారు తవ్వించినది.

అప్పుడు చెప్పింది. పెళ్ళయ్యాక రెండు కాన్పులు నిలవలేదు. సిద్ధాంతి వచ్చి, ఆగ్నేయంలో బావి ఉంటే ఇల్లాలికీ బిడ్డలకీ కీడన్నాడు. పూడ్చడానికి మనసు రాక రెడ్డెప్ప బండలు పరిచి మూసేశాడు, ఈశాన్యంలో బోరు వేయించాడు. ఏడాది తిరిగేలోపు శిరీష పుట్టింది. ఆ మాట చెబుతున్నంతసేపూ ఆ పిల్ల నా కుచ్చిళ్ళు పట్టుకుని గాజులు లెక్కపెడుతోంది. వాస్తును చూసి నవ్వే అర్హత నాకు లేదు. మా ఇంట్లోనూ సిద్ధాంతి మాట విని వీధిగుమ్మం మార్చుకుని, ఇప్పటికీ పక్క సందులోంచి తిరిగి లోపలికి వెళ్తున్నాం. పైగా నీళ్ళ సంగతి నా అనుమానమే గానీ రుజువేముంది? కుప్పం వెళ్ళి అదే మిషన్ల మీద ఏ నీళ్ళు వాడుతున్నారో చూస్తే గానీ తేలదు. బోరు నీళ్ళల్లో ఉడకని పప్పు, పక్కింటి బావి నీళ్ళు తగలగానే చక్కగా మెదిగింది. చింతచిగురు వేసిన ఆ పప్పు రుచి మాత్రం ఇప్పటికీ నాలిక మీదే ఉంది.

కుప్పం, అన్నగారి షెడ్డు

కుప్పంలో టీ కొట్టాయన నన్ను తమిళంలో పలకరించి, పక్కవాడితో కన్నడంలో మాట్లాడుతూ చిల్లర లెక్కపెట్టి, తెలుగులో దారి చెప్పాడు. మా ఊళ్ళో ఒక్క భాషతోనే రోజూ తగువులు పడుతుంటే, వీళ్ళు మూడింటితో ఎలా నెగ్గుకొస్తున్నారో అనుకున్నాను. దారి చెప్పింది మాత్రం తప్పు. ఎర్రటి మట్టి దారిలో బాగా నడిచాక, అటు కాదమ్మా అని ఒక ముసలామె వెనక్కి తిప్పింది. ఈలోగా నా చెప్పు తెగింది. ఆమె తన కొంగు అంచు నుంచి పిన్నీసు తీసి ఇచ్చి, కుట్టించుకున్నాక పారేయొద్దు, ఇంకెవరికైనా పనికొస్తాదని చెప్పి వెళ్ళిపోయింది.

గోవిందప్ప షెడ్డు కూడా అచ్చు రెడ్డెప్ప షెడ్డులాగే ఉంది. అవే బేసిన్లు, అంతే మంది ఆడవాళ్ళు. ఇక్కడ దారం మాత్రం ఆగకుండా జారుతోంది. గంపలో చెత్త అడుగున అంగుళం కూడా లేదు. ఆడవాళ్ళు తీరిగ్గా పాటలు పాడుకుంటున్నారు. నా కళ్ళు నీళ్ళ కోసం వెతికాయి. షెడ్డు పక్కనే బోరు ఉంది, పంపు తిరుగుతోంది. నా అనుమానం నీరుగారిపోయింది. అంతలో ఎద్దుల బండి వచ్చి ఆగింది. బండి మీద పెద్ద పీపా. దాని నీళ్ళు తొట్లలోకి పోస్తున్నారు. ఎక్కడివని అడిగితే, చేలో బావివని గోవిందప్ప చెప్పాడు. బోరు నీళ్ళు ఎద్దులు కడగడానికీ, కాళ్ళు కడుక్కోవడానికీనట.

బావ షెడ్డులో దారం ఎందుకు తెగుతుందో మీకు తెలుసు కదా అన్నాను. నేను కొంచెం తొందర మనిషిని, అంతకంటే మెత్తగా అడగడం నాకు రాదు. గోవిందప్ప నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, తను కూడా తాగి అప్పుడు మాట్లాడాడు.

"తెలిసినా నేనెట్ల చెప్పేదమ్మా? నా చెల్లెలు రెండుసార్లు ఏడ్సినప్పుడు నేను పక్కనే ఉండాను. ఆ బావి తెరవమని నేను చెప్పినాక బిడ్డకు రవ్వంత జొరమొచ్చినా, అన్న నోటి మాట వల్లనే అంటారు. వాళ్ళు అనకపోయినా నేను అనుకుంటా."

మరి ఆ బేసిన్లు కొనడమెందుకన్నాను. తనకు వాటితో పని లేదన్నాడు. పాత ఇనుము కింద అమ్ముకుంటే చెల్లెలి ఇల్లు గడవదని, సాయమంటే బావ తీసుకోడని, కొన్నట్టుగా లారీ పంపుతున్నాడు. తెచ్చి షెడ్డు వెనక పెడతాడు, అంతే.

చివరికి అతనే అన్నాడు, మీరు చెప్పండి అని. "మీరు బయటి మనుషులు. మీ మాట తప్పయితే బస్సెక్కి పోతారు. మేము యాడికి పోతాం?"

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. అంతదూరం నుంచి అప్పడాల మనిషి వచ్చి చెడ్డ పేరు మోసుకుపోవాలన్న మాట. కానీ ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నేను చేలో బావి నీళ్ళు ఒక క్యాను నిండా పట్టించి ఇమ్మన్నాను. గోవిందప్ప అర్థం చేసుకుని, క్యానును తనే నాలుగుసార్లు కడిగి నింపి, బస్టాండు దాకా మోసుకొచ్చాడు.

బస్సులో కండక్టరు క్యానుకు లగేజీ టికెట్టు కొట్టాలన్నాడు. నూనె కాదు, నీళ్ళని చెప్పాను. నీళ్ళు మోసుకోని పుంగనూరు పోయేవాళ్ళను ఇంతవరకు సూడలేదని బస్సంతా వినేట్టు అని, టికెట్టు మాత్రం కొట్టాడు. దోవంతా ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగి క్యాను వంకే చూశారు. దిగేటప్పుడు ఒక పెద్దాయన మెల్లగా, తీర్థమా అమ్మా అని అడిగి, చేయి కూడా చాపాడు. కాదని చెప్పినా నమ్మినట్టు లేదు, దోసిలి ముందే పట్టేశాడు. పోశాను.

మళ్ళీ పుంగనూరు

నేను తిరిగొచ్చేసరికి రెడ్డెప్ప పొలానికి వెళ్ళాడు. సుగుణమ్మ క్యాను చూసి, మూత తీసి, అరచేతిలో కొంచెం పోసుకుని నోట్లో వేసుకుంది. మా అన్న చేలో నీళ్ళు అంది. నేను చెప్పవలసింది ఇంకేమీ మిగల్లేదని అప్పుడే తెలిసింది.

పెరట్లో రెండు పొయ్యిలు వెలిగించింది. ఒక దబరలో బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో అన్న నీళ్ళు. ఒకే సంచీలోంచి గుప్పెడేసి గూళ్ళు రెండింట్లోనూ వేసింది. షెడ్డులో ఆడవాళ్ళు పని ఆపి వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాసన వస్తుందని నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను గానీ, కాసేపటికి ఆ సంగతే మర్చిపోయాను. బోరు నీళ్ళలో గూళ్ళు గట్టిగా తేలుతున్నాయి. కొసల కోసం తుడిస్తే పీచు పీచుగా ఊడి వస్తున్నాయి. రెండో దబరలో గూడు పట్టుకోగానే కొస వచ్చేసింది. సుగుణమ్మ దాన్ని వేలికి చుట్టుకుని నడిచింది, పెరడు దాటి గేటు దాకా. తెగలేదు. ఆడవాళ్ళలో పెద్దావిడ ఒకామె ఆ పోగును రెండు వేళ్ళతో నిమిరి, మన చేతులు బాగానే ఉండాయి కదమ్మా అంది. ఇన్నేళ్ళూ తప్పు తమ చేతుల్లోనే ఉందేమోనని వాళ్ళు భయపడుతున్నట్టు నాకు తెలియదు. నాకు కళ్ళు చెమర్చాయి.

గేటు దగ్గర రెడ్డెప్ప నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. భార్య వేలి నుంచి సాగిన పోగును, పొయ్యి మీది రెండు దబరలను, బండల మూలను వరసగా చూశాడు.

నాకు అనుమానం లేక కాదు అన్నాడు మెల్లగా. బోరు వేసిన నెల నుంచే దారం పాడైన సంగతి తనకూ తెలుసట. కానీ ఆ మాట పైకి అంటే దాని వెనకే బావి తెరుద్దామనే మాట కూడా అనాల్సి వస్తుంది. శిరీష పెరట్లో పిల్లి వెనక పరుగెడుతుంటే తండ్రి చూపు ఆ పిల్ల మీదే ఉంది. ఆ షెడ్డు ఇప్పుడే మూతపడినా సరే, ఆ బిడ్డను పందెం కాయలేనని ఆయన మొహమే చెబుతోంది. నేను తెచ్చిన నీళ్ళకు అతని భయాన్ని కడిగే శక్తి లేదని తెలిసిపోయింది.

మాట్లాడింది సుగుణమ్మే.

"నాకు రెండు కాన్పులూ పోయింది ఆ బావి వల్ల కాదు. వానాకాలం, రోడ్డు తెగి, టయానికి ఆస్పత్రికి పోలేక. మూడోసారి మా అన్న ముందుగానే కుప్పం పిలుచుకోని పోయె. నాకు తెలుసు. అయినా నాకూ భయమే. అందుకే పప్పుకు పక్కింటికి పోతా, గూళ్ళ మాట మాత్రం ఎత్తకుండా ఉంటి."

ఆమె గొంతు పెంచలేదు.

"ఇప్పుడు ఈ ఆడోళ్ళను ఇటుకల కాడికి పంపి, మనం బిడ్డను ముందర పెట్టుకోని కూసుంటే, అది పెద్దయినాక ఏమని చెప్దాం? నీ కోసమే అందరినీ పంపేసినామనా?"

రెడ్డెప్ప సిద్ధాంతిని పిలిచి అడుగుతానన్నాడు. పిలువు, ఆయనొచ్చేలోపల బండలు తీసి పెడతాం అంది సుగుణమ్మ. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వారు. ఇంకొంచెం ఆలోచించి, బావికీ ఇంటికీ నడుమ గోడ కట్టేద్దాం అన్నాడు. గోడ కడితే బావి వేరే స్థలం కిందికి పోతుంది, ఇంటి ఆగ్నేయంలో ఉండదు. వాస్తులో అది చెల్లుతుందట. మా వైపూ చెల్లుతుంది, మా బాబాయి ఇలాగే ఒక మెట్లబావిని ఇంట్లోంచి బయటికి పంపేశాడు.

"కట్టుకో," అంది సుగుణమ్మ. "అయితే దానికొక వాకిలి పెట్టు. నీళ్ళు తేవల్ల కదా."

రెడ్డెప్పకు కూడా నవ్వొచ్చింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక అతను నవ్వడం అదే మొదటిసారి. వెంటనే ఇద్దరు ఆడవాళ్ళు గడ్డపారలు తెచ్చారు. గోడ సంగతి తర్వాత అన్నట్టు బండల మీద పడ్డారు. నేనూ చేయి వేయబోతే, అప్పడాల చేతులకు ఇది పని కాదని పక్కకు నెట్టారు. ఒక బండ కదిలింది, ఇంకొకటి. లోపల్నుంచి పాచి వాసన, చల్లటి గాలి. ఎవరో రాయి వేశారు. ఈ నేల మీద ఎన్ని బావులు ఎండిపోయాయో దారంతా చూసొచ్చాను కాబట్టి నేనూ వంగి చెవి ఒగ్గాను. నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, చెరువు నిండి ఊట ఎక్కింది. పాత నీళ్ళన్నీ తోడి పారబోసి, కొత్త ఊట వచ్చాక గానీ గూళ్ళకు వాడకూడదని పెద్దావిడ చెప్పింది. మోటారు ఎవరి దగ్గర అడగాలో అప్పుడే వాదన మొదలైంది.

ఆ సందడిలో సుగుణమ్మ పిల్లిని వదిలించి శిరీషను ఎత్తుకుంది. నేరుగా బావి ఒరకు నడిచి, చంకలో బిడ్డతో వంగి లోపలికి చూపించింది. మీ జేజినాయన తవ్వించిన బావి, సూడు అంది. ఆ పిల్ల పుట్టిన తర్వాత ఆ మూలకు తీసుకురావడం అదే మొదటిసారని ఆమె నాకు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. రెడ్డెప్ప ఒక్క అంగలో దూసుకొచ్చి చేయి చాపాడు, లాక్కుంటాడనే అనుకున్నాను. లాక్కోలేదు. బిడ్డ గౌను అంచును పిడికిట్లో గట్టిగా పట్టుకుని భార్య పక్కనే నిలబడిపోయాడు. శిరీష లోపలికి చూసి ఓయ్ అని అరిచింది. బావి ఓయ్ అంది. పిల్ల పకపకా నవ్వింది.

అతను పిడికిలి సడలించలేదు. బావిలోకి చూస్తూనే సుగుణమ్మతో అన్నాడు.

"మీ అన్నకు ఫోను చెయ్యి. లారీ వద్దని చెప్పు."